పైలట్‌గా చేస్తే కమాండ్ చేయడం వస్తుందా? ఫ్లయింగ్, గ్రౌండ్ డ్యూటీ, ఆర్మీ, నేవీ: ఎవరికి ఏది

"బస్సు మంచిగ తోలెటోనికి డిపో అప్పజెప్తరా సారూ?" ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయబోతున్న ఓ ఇంటర్ పిల్లగాడి తండ్రి హనుమకొండలో అడిగిన మాట ఇది. ఆయన ఆర్టీసీ మనిషి. కొడుకు పైలట్ అవుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. కొడుకు నలుగురిని నడిపించే ఆఫీసర్ కావాలని తండ్రి ఆశ. ఈ రెండూ ఒకటేనా, వేర్వేరా అన్నది ఆయన సందేహం.

ఎయిర్‌ఫోర్స్ సంగతికొస్తే, అక్కడ డిపో ఇచ్చేదే తోలేవాళ్లకు. స్క్వాడ్రన్‌కు, అంటే విమానాల దళానికి, కమాండింగ్ ఆఫీసర్‌గా ఫ్లయింగ్ బ్రాంచి మనిషే ఉంటాడు. వాయుసేన అధిపతులుగా ఇప్పటిదాకా వచ్చిన మనవాళ్లందరూ ఆ బ్రాంచి వాళ్లే. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1978 నుంచి 1981 వరకు ఆ పదవిలో ఉన్నారు, ఆయనా పైలటే. అంటే పైలట్‌కు కుర్చీ దొరికే దారి ఎలాగూ ఉంది. ఆ కుర్చీలో కూర్చునేలోపు మనుషులను నడిపిన అనుభవం ఎంత దొరుకుతుందన్నదే అసలు లెక్క.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విమానాల స్క్వాడ్రన్‌ను నడపడానికి పైలట్ అనుభవం సరిపోతుంది, అది లేకుండా ఆ పని కుదరదు కూడా. మనుషులను నడపడం మాత్రం ఫ్లయింగ్ గంటల్లో సగమే వస్తుంది. మిగతా సగం నేల మీద, చాలామంది పైలట్లు విసుక్కుంటూ చేసే పనుల్లో వస్తుంది. ఆర్మీలో ఇరవై రెండేళ్ల లెఫ్టినెంట్‌కు మొదటి నెలలోనే నెత్తిన పడే బాధ్యత, ఫైటర్ పైలట్‌కు ముప్పై అయిదు దాటాక వస్తుంది. ఇది తెలుసుకుని ఫ్లయింగ్‌కు పోతే ఇబ్బంది లేదు. తెలియకపోతే మాత్రం ఇరవై ఆరేళ్లప్పుడు "నా కింద ఎవరూ లేరేంటి" అన్న నిరాశ మొదలవుతుంది.

భుజం మీద గీతలు ఒకటే, కింద మనుషులే వేరు

ఇద్దరు స్నేహితులు కలిసి ఎన్డీఏలో చేరారనుకుందాం. మూడేళ్లు ఖడక్‌వాస్లాలో కలిసే ఉంటారు. ఆ తర్వాత ఒకరు డెహ్రాడూన్ ఐఎంఏకు (ఇండియన్ మిలిటరీ అకాడమీ), ఒకరు మన హైదరాబాద్ పక్కనే ఉన్న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి వెళ్తారు.

డెహ్రాడూన్ నుంచి బయటికొచ్చిన కుర్రాడు ఇన్‌ఫాంట్రీకి (పదాతిదళం) పోతే, అతని చేతికి ముప్పై మంది దాకా ఉండే ప్లటూన్ వస్తుంది. వాళ్లలో సగం మంది వయసులో అతనికంటే పెద్దవాళ్లు. ఒకరికి చెల్లెలి పెళ్లికి సెలవు కావాలి. ఇంకొకరు అప్పుల్లో ఉన్నారు. ఇద్దరికి ఒకరంటే ఒకరికి పడదు. పక్కనుండి నేర్పేందుకు అనుభవమున్న జేసీఓ (జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య ర్యాంకు మనిషి) ఉంటాడు కానీ, తప్పు జరిగితే సమాధానం చెప్పాల్సింది ఈ కుర్రాడే. మేజర్ అయ్యేసరికి నూటిరవై మంది దాకా ఉండే కంపెనీ, కల్నల్ అయితే ఎనిమిది వందల మంది దాకా ఉండే బెటాలియన్. మెట్టు మెట్టుకూ మనుషులు పెరుగుతూ పోతారు.

దుండిగల్ కుర్రాడి దారి వేరు. ముందు పిలాటస్ పీసీ-7 మీద నేర్చుకుంటాడు. ఆ తర్వాత ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ అని మూడు పాయలుగా విడగొడతారు. ఫైటర్‌కు ఎంపికైనవాడు బీదర్‌లో హాక్ జెట్ మీద శిక్షణ పూర్తిచేసి స్క్వాడ్రన్‌కు చేరేసరికి అక్కడ అందరికంటే చిన్నవాడు అతనే. పక్క విమానంలో సీనియర్ ముందుండి నడిపిస్తుంటే రెక్క పట్టుకుని వెంట ఎగరడమే అతని పని. కొన్నేళ్లకు రెండు విమానాలకు లీడర్ అవుతాడు, ఆ తర్వాత నాలుగింటికి. అంటే అప్పటికీ గాలిలో అతని మాట వినేది ముగ్గురే, వాళ్లూ తనలాంటి ఆఫీసర్లే. ఫ్లైట్ కమాండర్, ఆపైన కమాండింగ్ ఆఫీసర్ అయ్యేసరికి సర్వీసు పదిహేనేళ్లు దాటుతుంది.

ఇళ్లలో చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. విమానం చుట్టూ పనిచేసే టెక్నీషియన్లు ఆ పైలట్ కింద ఉండరు, ఇంజినీరింగ్ ఆఫీసర్ కింద ఉంటారు. పైలట్ వచ్చి, విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, విమానం మరమ్మతుల రికార్డైన ఫామ్ 700లో సంతకం పెట్టి, ఎక్కి వెళ్లిపోతాడు. ఆ టెక్నీషియన్ కొడుకు ఎక్కడ చదువుతున్నాడో, రాత్రి ఎన్ని గంటలు మేల్కొని ఆ ఇంజిన్ సరిచేశాడో పైలట్‌కు తెలియాల్సిన అవసరం ఉద్యోగరీత్యా లేదు. తెలుసుకునేవాడు మంచి కమాండర్ అవుతాడు. తెలుసుకోకపోయినా ప్రమోషన్ ఆగదు. చిక్కంతా అక్కడే ఉంది.

ర్యాంకుల విషయంలో మాత్రం తేడా లేదు. రెండేళ్లకు కెప్టెన్ లేదా ఫ్లైట్ లెఫ్టినెంట్, ఆరేళ్లకు మేజర్ లేదా స్క్వాడ్రన్ లీడర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ లేదా వింగ్ కమాండర్. జీతాలూ దగ్గర దగ్గరే, పైలట్‌కు ఫ్లయింగ్ అలవెన్స్ అదనం. అందుకే బయటినుంచి చూసేవాళ్లకు ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నట్టు కనబడతారు.

కాక్‌పిట్ నేర్పే సగం

పైలట్లకు నాయకత్వం రాదనే వాదన ఆర్మీ వాళ్లకు ఇష్టం. దానికి నేను పూర్తిగా తలూపను. కాక్‌పిట్‌లో నేర్చుకునే రెండు విషయాలు వేరే చోట అంత త్వరగా రావు.

మొదటిది నిర్ణయం. ఇంధనం తగ్గుతోంది, దిగాల్సిన చోట వాతావరణం పాడైంది, వెంట ఉన్న జూనియర్ గొంతులో టెన్షన్ వినిపిస్తోంది. అడగడానికి పైన ఎవరూ లేరు, ఆగి ఆలోచించడానికి గాలిలో చోటు లేదు. ఇరవై అయిదేళ్ల వయసులో వారానికి కొన్నిసార్లు ఇలాంటి నిర్ణయాలు తీసుకునేవాడికి ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని రెండు రోజులు నాన్చే అలవాటు అబ్బదు.

రెండోది డీబ్రీఫ్. నా లెక్కలో విమానం నడపడం కంటే పెద్ద పాఠం ఇదే. నాలుగు విమానాలు దిగాక నలుగురూ ఒక గదిలో కూర్చుంటారు. రికార్డింగ్ పెట్టి, సెకను సెకనుకూ ఎవరు ఎక్కడున్నారో, ఏం మాట్లాడారో, ఏం మరిచిపోయారో విప్పుతారు. మొదట తన తప్పు చెప్పాల్సింది లీడరే. కింది ర్యాంకు కుర్రాడు "సార్, మీరు టర్న్ ఆలస్యంగా పిలిచారు" అంటే కోపగించుకోవడానికి వీల్లేదు, టేపులో అదే కనబడుతోంది మరి. గాలిలో గడిచిన గంట మీద నేల మీద రెండు మూడు గంటలు చర్చ నడవడం మామూలే. మన ఆఫీసుల్లో, కాలేజీల్లో, చివరికి ఇళ్లలో కూడా పెద్దవాడి తప్పును అతని ముందే చిన్నవాడు చెప్పే పద్ధతి ఎక్కడుందో చూపించండి.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫ్‌లో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన డచ్ విమానసంస్థ కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థలో పేరుమోసిన శిక్షకుడు. ఎదుటి విమానం రన్‌వే మీదినుంచి తప్పుకుందా అని ఫ్లైట్ ఇంజినీర్ సందేహం బయటపెట్టాడు, కెప్టెన్ దాన్ని తోసేశాడు. ఆ ప్రమాదం, ఆ రోజుల్లోనే జరిగిన ఇంకొన్ని ప్రమాదాల తర్వాత, కెప్టెన్ చెప్పేదే వేదం అనే పాత పద్ధతిని విమానయానం వదిలించుకోవడం మొదలుపెట్టింది. కింది మనిషి నోరు విప్పాలి, పై మనిషి చెవి ఒగ్గాలి అన్నది శిక్షణలో భాగమైంది. సైన్యాల్లోకీ అది చేరింది.

ఇదంతా నేర్చుకున్న పైలట్‌కు దొరకనిది ఒకటే: తనలాంటివాళ్లు కాని మనుషులతో రోజూ మెలగడం. చదువులో, భాషలో, ఓపికలో తనకంటే వేరైన వందమందితో పని చేయించడం డీబ్రీఫ్ గదిలో రాదు.

గొప్ప పైలట్ గొప్ప అధికారి కాలేకపోయిన ఉదాహరణ కావాలంటే జర్మనీ ఎర్న్‌స్ట్ ఉడెట్‌ను చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో 62 విమానాలు కూల్చాడు. జర్మన్లలో రిష్టోఫెన్ తర్వాత స్థానం అతనిదే. ఆ పేరు చూసి 1930లలో అతని చేతికి లుఫ్ట్‌వాఫే (జర్మన్ వాయుసేన) సాంకేతిక విభాగాన్ని, ఆపైన మొత్తం విమానాల తయారీ వ్యవహారాన్ని అప్పగించారు. కాగితాలు, ఫ్యాక్టరీలు, పోటీపడే కంపెనీలు అతని చేతుల్లో నిలవలేదు. పెద్ద బాంబర్లు కూడా నిట్టనిలువునా డైవ్ చేయాలని పట్టుబట్టి కొన్నేళ్లు వృథా చేశారు. 1941 నవంబర్‌లో ఉడెట్ తనను తాను కాల్చుకున్నాడు.

దీనికి ఎదురు ఉదాహరణ అమెరికా పైలట్ రాబిన్ ఓల్డ్స్. 1966లో థాయ్‌లాండ్‌లోని ఉబోన్ వింగ్‌కు (కొన్ని స్క్వాడ్రన్లు కలిసిన దళం) కమాండర్‌గా వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో పేరు తెచ్చుకున్నవాడు. అయినా వచ్చీరాగానే కొత్త పైలట్‌గా పేరు రాయించుకుని, జూనియర్ల వెనక ఎగిరి, వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. కొద్ది నెలలకే, 1967 జనవరి 2న అతని వింగ్ ఒకే రోజు ఏడు మిగ్-21లను కూల్చింది. ఇద్దరూ శత్రువిమానాలు కూల్చి పేరు తెచ్చుకున్న ఏస్ పైలట్లే. ఒకరిని పేరు చూసి కుర్చీలో కూర్చోబెట్టారు, ఇంకొకరు కుర్చీలో కూర్చున్నాక కూడా కింది వరుసనుంచి మొదలుపెట్టారు.

హెలికాప్టర్, ట్రాన్స్‌పోర్ట్: మన పిల్లలు చిన్నచూపు చూసే దారి

ఫైటర్ రాకపోతే జీవితం అయిపోయినట్టు బాధపడే పిల్లలను చూస్తుంటాం. నాయకత్వం కోణంలో చూస్తే నాకు ఫైటర్ కంటే ఇవే మేలనిపిస్తాయి.

2022 జులైలో గోదావరి పొంగినప్పుడు మంచిర్యాల జిల్లా చెన్నూరు దగ్గర వాటర్ ట్యాంకు మీద చిక్కుకున్న ఇద్దరిని ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ పైకి లాగిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. చుట్టూ ఎర్రటి నీళ్లు, మధ్యలో ట్యాంకు, పైన తాడు. ఆ వీడియోలో కనబడని సంగతి ఒకటుంది. హెలికాప్టర్ నడిపేవాడికి సరిగ్గా తన కిందున్నది కనబడదు. తలుపు దగ్గర పడుకుని లేదా వంగి కిందికి చూసే సిబ్బంది మనిషి "కొంచెం ముందుకు, ఆగండి, ఎడమకు, ఇంకొంచెం, ఆగండి" అని చెబుతుంటే, ఆ గొంతును పట్టుకుని కెప్టెన్ అంత బరువైన యంత్రాన్ని అడుగుల లెక్కన జరుపుతాడు. చెప్పేవాడు ర్యాంకులో చిన్నవాడు. చెప్పింది వెంటనే వినకపోతే తాడు మీదున్న మనిషి ట్యాంకుకు కొట్టుకుంటాడు. బాధ్యత మొత్తం కెప్టెన్‌ది, కళ్లు మాత్రం ఇంకొకరివి. కింది మనిషిని నమ్మడమంటే ఏమిటో ఇంతకంటే సూటిగా నేర్పే పని నాకు తెలియదు.

ట్రాన్స్‌పోర్ట్‌లోనూ అంతే. ఏఎన్-32 లాంటి విమానంలో కో-పైలట్, నావిగేటర్, ఫ్లైట్ ఇంజినీర్, సరుకు చూసుకునేవాళ్లు, అందరూ ఒకే ఇనుప డబ్బాలో గంటల తరబడి ఉంటారు. కెప్టెన్ అయినవాడు చిన్న వయసులోనే ఓ బృందాన్ని నడుపుతాడు. ఆ బృందంలో ఆఫీసర్లు కానివాళ్లూ ఉంటారు. తెలియని ఎయిర్‌ఫీల్డ్‌లో రాత్రి విమానం మొరాయిస్తే వాళ్ల భోజనం, పడక దగ్గరనుంచి మరమ్మతు దాకా అతనే చూసుకోవాలి.

ఈ దారికి మన చరిత్రలో మంచి పునాదే ఉంది. 1948 మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ డకోటా రవాణా విమానాన్ని లేహ్‌లో దింపాడు. అంత ఎత్తులో అప్పటికి సరైన రన్‌వే లేదు, దారి చూపే సాధనాలు లేవు, ఆ ఎత్తుకు తగ్గ విమానమూ కాదది. పక్కన మేజర్ జనరల్ తిమ్మయ్యను కూర్చోబెట్టుకుని మొదటి విమానం తనే తీసుకెళ్లాడు. కింద ఉన్నవాళ్లను "వెళ్లండి" అని పంపే హోదాలో ఉండి కూడా.

నేల మీది సగం ఎక్కడ దొరుకుతుంది

స్క్వాడ్రన్‌లో ప్రతి పైలట్‌కూ ఫ్లయింగ్ కాక ఇంకో పని అంటగడతారు. అడ్జుటెంట్‌గా కాగితాలు, సెలవులు చూడటం, ఫ్లైట్ సేఫ్టీ, మెస్ లెక్కలు, విచారణలు. దీన్ని తప్పించుకునే తెలివి కొందరికి బాగానే ఉంటుంది. నా సలహా అడిగితే, కమాండ్ చేయాలనుకునే పైలట్ వెతుక్కుని మరీ తీసుకోవాల్సినవి ఇవే. ఎయిర్‌మన్ (ఎయిర్‌ఫోర్స్ జవాను) సెలవు దరఖాస్తు వెనకున్న ఇంటి కథ అడ్జుటెంట్ టేబుల్ మీదే తెలుస్తుంది.

ఈ రెండు సగాలూ కలిసినవాళ్లు మనకు లేకపోలేదు. అర్జన్ సింగ్ 1944లో పాతికేళ్ల వయసులో ఇంఫాల్ దగ్గర నంబర్ 1 స్క్వాడ్రన్‌ను నడిపాడు, 1965 యుద్ధంలో మొత్తం వాయుసేనను. 1999 కార్గిల్‌లో మిగ్-21లు ఎగిరిన 17 స్క్వాడ్రన్ కమాండింగ్ ఆఫీసర్ బీ.ఎస్. ధనోవా. ఆ యుద్ధంలో ఆ దళం తమలో ఒకరైన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజాను పోగొట్టుకుంది. మనిషి పోయిన మర్నాడు మిగిలినవాళ్లను మళ్లీ కాక్‌పిట్ ఎక్కించడం కమాండర్ పని, తనూ వాళ్లతో ఎక్కాడు. ఆ ధనోవాయే తర్వాత వాయుసేనాధిపతి అయ్యాడు. 2023లో గ్రూప్ కెప్టెన్ షాలిజా ధామికి పశ్చిమ సరిహద్దులో క్షిపణి యూనిట్ కమాండ్ ఇచ్చారు. ఆమె హెలికాప్టర్ పైలట్. రెక్కలే లేని యూనిట్‌ను పైలట్ నడపగలదని ఎయిర్‌ఫోర్స్ నమ్మినట్టేగా.

అయితే కుర్చీలు తక్కువ. ఎయిర్‌ఫోర్స్‌కు మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబర్‌లో మిగ్-21లను సాగనంపాక ఉన్నవి 30 కూడా లేవు. ఒక్కో కమాండింగ్ ఆఫీసర్ రెండేళ్లుంటాడనుకుంటే ఏడాదికి ఖాళీ అయ్యే ఫైటర్ స్క్వాడ్రన్ కుర్చీలు పదిహేను దాటవు. అందరికీ రావు, రానివాళ్లందరూ చేతకానివాళ్లూ కారు.

గ్రౌండ్ డ్యూటీని ఎందుకు కొట్టిపారేయకూడదు

వరంగల్ ఎన్ఐటీలో, కేయూలో (కాకతీయ యూనివర్సిటీ) ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఈ మాట ముఖ్యంగా. ఎయిర్‌ఫోర్స్‌లో విమానం నడపని పనులన్నీ గ్రౌండ్ డ్యూటీయే. అందులో టెక్నికల్ ఆఫీసర్‌కు చిన్న వయసులోనే పదుల మంది ఎయిర్‌మన్లు, సార్జెంట్లు, వారంట్ ఆఫీసర్లు చేతికొస్తారు. తనకంటే ఇరవై ఏళ్ల అనుభవం ఎక్కువున్న వారంట్ ఆఫీసర్ "ఈ విమానం ఇవాళ ఎగరదు సార్" అంటే, ఎగరాలని ఒత్తిడి చేసే పైలట్లకూ ఈయనకూ మధ్య నిలబడి తేల్చాలి. మనుషుల పని అంటే ఇదే. ఇదే వయసు పైలట్ కంటే అతనికి ఈ అనుభవం ఎక్కువ.

ఇబ్బంది ఒకటే, పైకి పోయేకొద్దీ దారి సన్నబడుతుంది. ఫైటర్ స్క్వాడ్రన్ కమాండ్ రాదు, వాయుసేనాధిపతి కుర్చీ ఇప్పటిదాకా రాలేదు. నాయకత్వం తొందరగా కావాలంటే గ్రౌండ్ డ్యూటీ, చివరి మెట్టు దాకా కావాలంటే ఫ్లయింగ్. ఒకే సర్వీసులో ఉన్న ఈ తిరకాసును ఎవరూ పిల్లలకు చెప్పరు.

సముద్రం దూరమని నేవీని వదిలేయకండి

వరంగల్‌లో నేవీ పేరెత్తితే మొహం అదోలా పెడతారు. ఈత రాదు, సముద్రం చూసింది వైజాగ్ టూర్‌లోనే. కానీ ఎగరడమూ కావాలి, మనుషులను నడపడమూ కావాలి అనేవాడికి నేను ముందు చెప్పేది నేవీయే.

అమెరికాలో విమానవాహక నౌకకు కమాండర్ కావాలంటే నౌకాదళ వైమానికుడే అయి ఉండాలని చట్టమే ఉంది, 1920ల నుంచీ. హాల్సీ అనే కెప్టెన్ సారటోగా నౌక కమాండ్ కోసం 1935లో 52 ఏళ్ల వయసులో విమానం నేర్చుకుని రెక్కలు (పైలట్ బ్యాడ్జి) సంపాదించాడు. అక్కడి పైలట్ స్క్వాడ్రన్ నడిపాక, నౌకల మీద పనిచేసి, ఓడ వ్యవహారమంతా నేర్చుకుని, ఆ తర్వాతే అయిదు వేల మంది ఉండే నౌకకు కమాండర్ అవుతాడు. పైలట్ అనుభవం ఒక్కటే చాలదని, దానికి ఇంకోటి కలపాలని వాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు.

మన నేవీలోనూ పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంట్ దాకా ఉండే ఉద్యోగం) పైలట్లు ఓడల మీద పనిచేస్తారు. అడ్మిరల్ తహిలియాని 1961లో తొలి విమానవాహక నౌక విక్రాంత్ మీద విమానం దింపిన మొదటి భారతీయుడు, 1984లో నౌకాదళాధిపతి అయ్యాడు. అరుణ్ ప్రకాశ్ విమానాలు ఎగిరాడు, విమానవాహక నౌక విరాట్‌ను కమాండ్ చేశాడు, 2004లో అధిపతి అయ్యాడు. కరమ్‌బీర్ సింగ్ హెలికాప్టర్ పైలట్. ఐఎన్ఎస్ రాణా, ఢిల్లీ లాంటి నౌకలను నడిపి, విశాఖలో తూర్పు నౌకాదళాన్ని చూసి, 2019లో అధిపతి అయ్యాడు. ఆకాశం, ఓడ, మనుషులు మూడూ ఒకే ఉద్యోగంలో దొరికే చోటు వేరే లేదు. ఇల్లు మాత్రం నెలల తరబడి దూరం. అది ముందే ఒప్పుకోవాలి.

ఆర్మీకీ సొంత ఏవియేషన్ కోర్ ఉంది, 1986 నవంబర్ 1న ఏర్పడింది. ఇన్‌ఫాంట్రీ, ఆర్టిలరీలాంటి చోట్ల జవాన్లను నడిపి వచ్చి హెలికాప్టర్ ఎక్కిన ఆఫీసర్లు అక్కడ ఎక్కువ. ముందు మనుషులు, తర్వాత రెక్కలు అనుకునేవాడికి అది చక్కగా సరిపోతుంది. ఎయిర్‌లైన్స్ పైలట్ దారి ఈ పోలికలోకి రాదు. లక్షలు పోసి రెండు వందల గంటలు ఎగిరితే లైసెన్స్ వస్తుంది, కెప్టెన్ కూడా అవుతారు, కమాండ్ మాత్రం దిగగానే అయిపోతుంది. అన్నట్టు, వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్ట్‌కు 2025లో అనుమతి వచ్చింది కాబట్టి ఇక్కడే పైలట్ ఉద్యోగాలొస్తాయని కొందరు లెక్కలేస్తున్నారు. 1981 తర్వాత విమానం దిగని ఊరికి ఆ ఆశ సహజమే కానీ, మీ అబ్బాయి ఎంపికకూ దానికీ సంబంధం లేదు.

అమ్మాయిల సంగతి

2016లో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు వచ్చారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పల్లెల నుంచి వచ్చిన జవాన్లు మహిళల కమాండ్‌ను ఒప్పుకోరన్న ప్రభుత్వ వాదనను కొట్టేసింది. 2021లో ఎన్డీఏ తలుపులు తెరిపించింది. 2025లో ఎన్డీఏ నుంచి మొదటి మహిళా బ్యాచ్ బయటికొచ్చింది. ఆర్మీలో ఇన్‌ఫాంట్రీ, ట్యాంకుల దళాలు ఇంకా అమ్మాయిలకు లేవు, ఎయిర్‌ఫోర్స్‌లో ఫైటర్లతో సహా ఫ్లయింగ్ ఉంది. కాబట్టి యుద్ధరంగంలో ముందువరుసలో కమాండ్ కావాలనుకునే అమ్మాయికి ఫ్లయింగ్ బలమైన దారి. అబ్బాయిలకు చెప్పిన సలహా ఇక్కడ తిరగబడుతుంది.

ఫారం నింపే ముందు

ఎన్డీఏ నోటిఫికేషన్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఈ మధ్య నోటిఫికేషన్లలో ఆర్మీకి 208, ఎయిర్‌ఫోర్స్‌కు 120 సీట్లు, ఆ 120లో ఫ్లయింగ్‌కు 92. రాతపరీక్షకు 900 మార్కులు, ఎస్ఎస్‌బీకి (ఇంటర్వ్యూ, టాస్కులతో కొన్ని రోజులు చేసే ఎంపిక) 900. అంటే సగం మార్కులు కోచింగ్ సెంటర్ మెటీరియల్‌లో లేవు.

ఆ సగంలో కమాండ్ టాస్క్ అని ఒకటుంటుంది. పలకలు, దుంగలు, తాడు ఇచ్చి ఓ అడ్డంకి చూపించి, "నీకు ఇద్దరిని తీసుకో" అంటారు. ఎర్ర రంగు పూసినది ముట్టుకోకూడదు. మనవాళ్లలో తెలివైన పిల్లలు చేసే పొరపాటు ఒకటే. ఇద్దరినీ పక్కన నిలబెట్టి, పలక తామే ఎత్తి, తామే కట్టి, తామే ఎక్కి, చెమటలు కారుస్తూ గెలిచామనుకుంటారు. పిలిచిన ఇద్దరూ బొమ్మల్లా నిలబడి ఉంటారు. మీ పిల్లవాడు పైలట్‌కా, ప్లటూన్‌కా అన్నది ఇక్కడే కొంత తెలుస్తుంది. ఒంటరిగా చేస్తే చురుగ్గా, తప్పులేకుండా చేసేవాడు, నలుగురు చేరితే చిరాకుపడేవాడు ఉంటాడు. ఆటలో ఓడిపోయాక ఏడుస్తున్నవాడి పక్కన కూర్చునేవాడు ఉంటాడు. మొదటివాడిని బలవంతంగా ఆర్మీకి పంపకండి, రెండోవాడిని ఫైటర్ మోజులో ముంచకండి. హెలికాప్టర్, నేవీ, టెక్నికల్ బ్రాంచిలో రెండోవాడు బాగా వెలుగుతాడు.

ఆరో తరగతి స్థాయిలోనే మొదలుపెట్టాలనుకుంటే విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది. మనకు దగ్గరలో కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో, నర్సంపేట వైపు అశోక్‌నగర్‌లో గురుకుల సైనిక పాఠశాలలున్నాయి. డిగ్రీ పిల్లలు ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ 'సి' సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఫ్లయింగ్‌కు ప్రత్యేక ఎంట్రీ ఉంది.

డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) రాసేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. దానితో వచ్చే ఫ్లయింగ్ షార్ట్ సర్వీస్ కమిషన్ 14 ఏళ్లు, పొడిగింపు లేదు. వింగ్ కమాండర్ ర్యాంకు వచ్చేది 13 ఏళ్లకు. స్క్వాడ్రన్ కమాండ్ అందే సమయానికి మనిషి బయటికొచ్చేస్తాడు. ఎగరాలన్నదే కోరికైతే 14 ఏళ్లు దివ్యంగా సరిపోతాయి. కమాండ్ కావాలంటే అబ్బాయిలు ఎన్డీఏ లేదా సీడీఎస్ (డిగ్రీవాళ్లకు యూపీఎస్సీ పెట్టే సైనిక ఆఫీసర్ల పరీక్ష) ద్వారా పర్మనెంట్ కమిషన్‌కు పోవాలి, అమ్మాయిలు ఎన్డీఏ దారి పట్టాలి.

ఇంటర్ మొదటి ఏడాదిలోనే కంటి డాక్టర్‌కు చూపించండి. దూరపు చూపు తగ్గి అద్దాలు పడితే ఫ్లయింగ్ దాదాపు మూసుకున్నట్టే. పైలట్ ఎంపిక పరీక్ష సీపీఎస్ఎస్ జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, అందులో తప్పితే ఫ్లయింగ్‌కు రెండో అవకాశం లేదు. కాబట్టి ప్రాధాన్య క్రమం నింపేటప్పుడు ఎయిర్‌ఫోర్స్ ఒక్కటే పెట్టి మిగతావి ఖాళీగా వదలకండి. ఫ్లయింగ్ పోయినా గ్రౌండ్ డ్యూటీకి, ఆర్మీకి, నేవీకి తలుపు తెరిచే ఉంటుంది, ఆ గడుల్లో అంకె వేసి ఉంటే.